కాన్పు సహాయక పరికరాల భద్రతా పరీక్ష

నొప్పులు మొదలై గంటలు గడిచాయి. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది. తల్లి ముక్కుతూనే ఉంది, బిడ్డ తల మాత్రం దిగిరావడం లేదు. లేదా బిడ్డ గుండె చప్పుడు మందగిస్తోంది, ఇక ఆగడానికి లేదు. అలాంటప్పుడు పొట్ట కోయకుండా సహజ మార్గంలోనే బిడ్డను బయటికి రప్పించడానికి వాడే సాధనాలను కాన్పు సహాయక పరికరాలు అంటారు. ఇళ్లలో ‘ఫోర్‌సెప్స్ వేసి తీశారు’, ‘వాక్యూమ్ పెట్టి లాగారు’ అని చెప్పుకునేది ఈ కాన్పుల గురించే. ఫోర్‌సెప్స్ అంటే తలకు రెండు పక్కలా పట్టే జంట రెక్కల పట్టకారు. వాక్యూమ్ అంటే లోపలి గాలిని పీల్చేసి నెత్తికి అంటుకునేలా చేసే కప్పు. గత 20 ఏళ్లలో మూడో రకం ఒకటి, గాలి సంచితో తలను చుట్టిపట్టే పరికరం, పరీక్షల దాకా వచ్చింది.

కొత్త మందును పరీక్షించడం వేరు, కొత్త కాన్పు పరికరాన్ని పరీక్షించడం వేరు. మాత్ర ఎవరి చేతి మీదుగా ఇచ్చినా దాని మోతాదు మారదు. పరికరం పనితనం పట్టిన చేతిని బట్టి మారిపోతుంది. పైగా ఇక్కడ ఉన్నవి రెండు ప్రాణాలు. తల్లికి సుఖంగా ఉన్నది బిడ్డ తలకు కీడు కావచ్చు, బిడ్డను త్వరగా తెచ్చేది తల్లి కండరాలను చీల్చవచ్చు. పరికరం అవసరమవుతుందని ముందురోజు తెలియదు, అవసరమయ్యాక తీరిగ్గా ఆలోచించే వ్యవధి ఉండదు. అందుకే ఈ రంగంలో ఎన్ని కాన్పులు సఫలమయ్యాయన్న లెక్క ఒక్కటే చాలదు. ఎక్కడ ఆపాలో, ఎవరు ఆపాలో ముందే రాసిపెట్టుకున్నారా అన్నది అంతకంటే ముఖ్యం.

దీవి, దూరం, సిజేరియన్

ఈ పరికరాలు ఎందుకు కావాలో శ్రీహరికోట లాంటి చోట నిలబడి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పులికాట్ సరస్సు. నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో చేరిన దీవి ఇది. దీవి నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డున సూళ్లూరుపేటకు సుమారు 18 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉత్తరాన నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు, దక్షిణాన చెన్నై అంతకు కొంచెం తక్కువ. ఆపరేషన్ థియేటరు, రక్తనిధి, మత్తు డాక్టరు, పసిబిడ్డల ఐసీయూ అర్ధరాత్రి కూడా ఒకేచోట దొరకాలంటే కోస్తాలోని చాలా పల్లెలకు ఇలాంటి ప్రయాణమే గతి. తల కటిలో బిగుసుకున్న బిడ్డకు అంత సమయం ఉండదు. దగ్గరి ఆసుపత్రిలో నేర్పు గల చేయి, చెడిపోని వాక్యూమ్ కప్పు ఉంటే ఆ ప్రయాణమే తప్పుతుంది.

అయితే ఇదే దూరం ప్రమాదానికీ కారణం. వాక్యూమ్ విఫలమైతే వెంటనే సిజేరియన్ చేయాలి. ఆ ఏర్పాటు లేనిచోట విఫల ప్రయత్నం, అసలు మొదలుపెట్టకపోవడం కంటే హానికరం. కొత్త పరికరాన్ని పరీక్షించేవారు అది ఎన్నిసార్లు పనిచేస్తుందన్నదే కాక, పనిచేయనప్పుడు ఏమవుతుందన్నదీ కొలవడానికి కారణం ఇదే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ నేర్పు తగ్గిపోతున్నదని చెప్పడానికి సిజేరియన్ల లెక్కే సూచన. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పులను విడిగా తీస్తే ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 81.5 శాతం. బ్రిటన్‌లో దాదాపు 8 కాన్పులకు ఒకటి ఫోర్‌సెప్స్‌తోనో వాక్యూమ్‌తోనో జరుగుతుంది. ప్రాణాలు నిలిపిన సిజేరియన్లు ఎన్నో ఉన్నాయి, వాటిని తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. కానీ తల కొంచెం ఆగగానే థియేటరుకు తీసుకెళ్లడమే అలవాటైతే చిన్న డాక్టర్లకు కప్పు పట్టే సాధన దొరకదు. సాధన లేని చేతుల్లో ఏ కొత్త పరికరానికీ న్యాయమైన పరీక్ష జరగదు.

రహస్యం నుంచి బహిరంగ పరీక్షకు

ఫోర్‌సెప్స్ చరిత్ర మొదలైందే పరీక్షకు పూర్తిగా ఎదురుదిశలో. ఇంగ్లండులో స్థిరపడిన చాంబర్లెన్ కుటుంబం 17వ శతాబ్దంలో ఈ సాధనాన్ని తరాల తరబడి ఇంటి రహస్యంగా దాచుకుంది. ఆ వంశం వాడిన అసలు ఫోర్‌సెప్స్ 1813లో ఒక పాత భవంతి నేల కింద బయటపడ్డాయి. దాచిన పరికరం ఎందరిని కాపాడిందో, ఎందరిని గాయపరిచిందో ఎవరూ లెక్కించలేరు. పరికరం గురించి అందరికీ తెలియడం, దాని వైఫల్యాలు కూడా అచ్చుకావడం భద్రతకు మొదటి మెట్టు అని ఈ కథ వల్లే తెలుస్తుంది.

భారతీయుల పాత్ర ఇందులో చిన్నది కాదు. కలకత్తా వైద్యుడు కేదారనాథ్ దాస్ 1929లో ఫోర్‌సెప్స్ చరిత్ర మీద పెద్ద గ్రంథం వెలువరించారు. అప్పటిదాకా ప్రపంచంలో పుట్టిన వందలాది నమూనాలను అందులో బొమ్మలతో సహా వర్ణించారు. ఐరోపా స్త్రీల కటికీ, అక్కడి బిడ్డల తలకూ సరిపడేలా చేసిన సాధనం ఇక్కడి తల్లీబిడ్డలకు పెద్దదవుతుందని గమనించి, చిన్నదీ తేలికైనదీ అయిన ఫోర్‌సెప్స్ తయారు చేశారు. ఒక దేశంలో నెగ్గిన పరికరాన్ని మరో దేశంలో మళ్లీ కొలిచి చూడాలన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నెల్లూరు కోస్తా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి 1844లో మొదలైంది. 1887లో కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ ఆ ఆసుపత్రికి తొలి భారతీయ సూపరింటెండెంటు అయ్యారు. ఆయన రాసిన ప్రసూతి వైద్య గ్రంథం తర్వాతి ముద్రణల్లో కృష్ణ మేనన్ పేరు కూడా చేరి, దక్షిణాది వైద్య విద్యార్థులకు నేటికీ పాఠ్యపుస్తకంగానే ఉంది.

గాలి పీల్చి లాగే ఆలోచనను స్కాట్లండు వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 1849లోనే ప్రయత్నించాడు. అది నిలవలేదు. స్వీడన్‌కు చెందిన టాగె మాల్మ్‌స్ట్రోమ్ 1950లలో చేసిన లోహపు కప్పుతో వాక్యూమ్ స్థిరపడింది. తర్వాత మెత్తటి కప్పులు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, చేతిలోనే పంపు ఇమిడిన కప్పులు వచ్చాయి. ఫోర్‌సెప్స్‌తో తల్లికి చిరుగులు ఎక్కువ, విఫలం కావడం తక్కువ. వాక్యూమ్‌తో తల్లికి గాయాలు తక్కువ, కప్పు జారిపోవడమూ బిడ్డ నెత్తిన వాపులూ ఎక్కువ. ఎన్నో పరీక్షలను కలిపి చూసినా ఈ బేరీజు దాదాపు ఇలాగే నిలిచింది. కొత్తది ఏది వచ్చినా ఈ రెంటితోనే పోల్చాలి.

ఒక సెంటీమీటరు తేడా

భద్రతను కాగితం మీదే ఎంతదాకా పరీక్షించవచ్చో చూడటానికి వాక్యూమ్ కప్పు చక్కటి ఉదాహరణ. కప్పులో సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 0.8 కిలోల లెక్కన పీడనం తగ్గిస్తారు. కప్పు వ్యాసం 5 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. అంటే అది నెత్తిని పట్టుకోగల బలం సుమారు 15.7 కిలోలు. అదే కప్పు 6 సెంటీమీటర్లయితే వైశాల్యం 28.3, బలం 22.6 కిలోలు. ఒక్క సెంటీమీటరు పెంచితే దాదాపు 7 కిలోల లాగుడు పెరిగింది. చూడ్డానికి అది మంచిదే అనిపిస్తుంది, కప్పు జారదు కదా. కానీ కప్పు ఊడిపోవడమే దాని రక్షణ కవాటం. ఇంతకు మించి లాగకు అని పరికరం తనంతట తాను చెప్పే మాట అది. ఊడని కప్పును తయారు చేసినవారు ఆ మాటను నొక్కేసినట్టే.

కప్పు ఎక్కడ పెట్టాలన్నదీ కొలతే. నెత్తి వెనుక భాగంలోని చిన్న మాడుకు సుమారు 3 సెంటీమీటర్లు ముందుగా, మధ్య గీత మీద కప్పు కూర్చుంటే లాగినప్పుడు బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, తల తన అతి చిన్న చుట్టుకొలతతో దిగుతుంది. పక్కకు పెడితే అదే కప్పు, అదే బలం, తలను వంకరగా లాగుతుంది. కాబట్టి పరికరం భద్రమా అన్న ప్రశ్నకు జవాబు పరికరంలో సగమే ఉంటుంది.

అమ్మకానికి వచ్చాక కూడా పరీక్ష ముగియదని 1998 మే నెలలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఇచ్చిన హెచ్చరిక గుర్తుచేసింది. అంతకు ముందు 4 ఏళ్లలో వాక్యూమ్ పరికరాలకు సంబంధించి 12 మంది పసికందుల మరణాలు, 9 తీవ్ర గాయాలు ఆ సంస్థకు చేరాయి. అప్పటికి వాక్యూమ్ దశాబ్దాల నాటి సాధనం. చెప్పుకోదగ్గ మరో సంగతి, చేతి పంపు ఉన్న ప్లాస్టిక్ కప్పును ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 194 మంది తల్లుల మీద మామూలు కప్పుతో చీటీ వేసి పోల్చి 2005లో ఫలితం అచ్చువేశారు. కొత్త కప్పు 34 శాతం కాన్పుల్లో విఫలమైంది, పాతది 21 శాతంలో. సులువుగా ఉన్నదల్లా మెరుగైనది కాదని పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలింది.

సీసాలో బిరడా, సంచిలో బొమ్మ

అర్జెంటీనాకు చెందిన హోర్హె ఓడోన్ కార్ల మెకానిక్. సీసాలోకి జారిపోయిన బిరడాను ప్లాస్టిక్ సంచితో బయటికి లాగే కిటుకును 2006 ప్రాంతంలో ఒక వీడియోలో చూశాడు. సంచిని లోపలికి దూర్చి, బిరడా దగ్గర గాలి ఊది, మెల్లగా లాగితే బిరడా వచ్చేస్తుంది. కాన్పుకూ ఇదే పనికొస్తుందని ఆ రాత్రే ఆయనకు తట్టింది. గర్భసంచికి బదులు గాజు జాడీ, బిడ్డకు బదులు కూతురి బొమ్మ, భార్య కుట్టిచ్చిన గుడ్డ సంచి. తొలి నమూనా వంటింట్లో తయారైంది ఇలాగే. ప్రపంచ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న వైద్యుడు మారియో మెరియాల్దీ దాన్ని చూసి ముందుకు నడిపించాడు. 2013లో బెక్టన్ డికిన్సన్ కంపెనీ తయారీ హక్కులు తీసుకుంది.

ఈ పరికరంలో లోహం లేదు, నెత్తిని పీల్చే కప్పు లేదు. పల్చటి ప్లాస్టిక్ తొడుగు బిడ్డ తల చుట్టూ జారుతుంది, దాని అంచున ఉన్న గాలి గది ఉబ్బి తలను నలువైపులా సమంగా పడుతుంది. వాక్యూమ్ వల్ల వచ్చే నెత్తి గాయాలూ ఫోర్‌సెప్స్ వల్ల వచ్చే చిరుగులూ రెండూ తగ్గుతాయని ఆశ. థియేటరు దూరమైన పల్లె ఆసుపత్రుల్లో నర్సులు కూడా వాడగలరేమోనన్నది మరో ఆశ. ఆశ ఎంత పెద్దదైతే పరీక్ష అంత కఠినంగా ఉండాలి. ఇక్కడ అలాగే జరిగింది, అందుకే ఈ పరికరం చరిత్ర నెగ్గినా ఓడినా పాఠమే.

మొదట బొమ్మల మీద. కాన్పు శిక్షణ కోసం చేసిన నిలువెత్తు తల్లి బొమ్మలో బిడ్డ బొమ్మను పెట్టి, తల మీదా మెడ మీదా ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచే సెన్సర్లు అమర్చారు. మూడు రకాల పరికరాలతోనూ లాగి చూశారు. గాలి గది పొరపాటున మెడ దాకా జారితే ఏమవుతుందన్నదీ కొలిచారు. నేర్పుగా వాడితే ఏమవుతుందో చూసి ఊరుకోకుండా తప్పుగా వాడితే ఏమవుతుందో కూడా కొలవడమే బొమ్మ పరీక్షకు ప్రాణం. మనిషి మీద ఎవరూ చేయకూడని తప్పును బొమ్మ మీద వందసార్లు చేయవచ్చు.

తర్వాత అర్జెంటీనా, దక్షిణాఫ్రికాల్లో కష్టం లేకుండా కాన్పు కాగల 49 మంది తల్లులతో ప్రయత్నించారు. 46 మందిలో పరికరాన్ని లోపలికి అమర్చగలిగారు, 35 మందిలో దానితో కాన్పు జరిగింది. పరికరం నిజంగా అవసరమైనవారి మీద తొలి అధ్యయనం 2018–19లో బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రిలో జరిగింది. 40 మందిలో 19 మందికే, అంటే 48 శాతానికే, పరికరంతో బిడ్డ వచ్చింది. మిగతావారికి ఫోర్‌సెప్స్‌తోనో మరోలాగో కాన్పు చేశారు. పరికరం వల్ల తల్లికి గానీ బిడ్డకు గానీ తీవ్రమైన కీడు కలగలేదు.

సగం కూడా నెగ్గని పరికరాన్ని వదిలేయాలా? పరిశోధకులు ఒక్కో కాన్పు వివరాన్నీ తిరిగి చూశారు. తొడుగును జార్చే తీరులో, గాలి గదిని ఉబ్బించే చోటులో, లాగే తీరులో మార్పులు చేసి 104 మందితో రెండో అధ్యయనం నడిపారు. అందులో సుమారు మూడింట రెండు వంతుల మందికి పరికరంతోనే కాన్పు అయింది. తక్కువ అంకెను దాచకుండా ముందే అచ్చువేయడం వల్లే రెండో అంకెను నమ్మగలుగుతున్నాం.

సున్నా అంటే ఎంత

‘తీవ్రమైన కీడు ఒక్కటీ జరగలేదు’ అన్న మాటను చదివి ఊపిరి పీల్చుకోవడం సహజం. కానీ గణాంక శాస్త్రంలో దానికి ఒక చిన్న లెక్క ఉంది. ఒక్క కీడు కూడా కనబడని అధ్యయనంలో 3ను కాన్పుల సంఖ్యతో భాగిస్తే, అసలు ప్రమాదం గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 40 కాన్పుల్లో సున్నా అంటే ప్రమాదం నూటికి 7.5 దాకా ఉండే అవకాశం ఇంకా మిగిలే ఉంది. 104 కాన్పుల్లో సున్నా అయితే నూటికి దాదాపు 3 దాకా. వెయ్యికి ఒకటి కన్నా తక్కువ అని చెప్పాలంటే 3,000 కాన్పుల్లో ఒక్క కీడూ జరగకూడదు.

ఇది ఊహాలెక్క కాదు. వాక్యూమ్ కాన్పుల్లో అందరూ భయపడే ప్రమాదం నెత్తి చర్మం కింది పొరలో రక్తం గూడుకట్టడం. ప్రసిద్ధమైన ఒక అంచనా ప్రకారం ఇది మామూలు కాన్పుల్లో 10,000కు 4 చొప్పున, వాక్యూమ్ కాన్పుల్లో 10,000కు 59 చొప్పున వస్తుంది. అంత భయంకరమైనది కూడా వంద కాన్పుల అధ్యయనంలో ఒక్కసారి కూడా కనబడకుండా పోవచ్చు. కొత్త పరికరం పాతదానికన్నా భద్రమని చెప్పడానికి వేలాది మందిని చీటీ వేసి రెండు జట్లుగా విడగొట్టి పోల్చాలి. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నమోదు పుస్తకాలు నడవాలి. అందువల్ల శస్త్రచికిత్స పరికరాలను అంచెలంచెలుగా పరీక్షించాలని నిపుణులు ఇప్పుడు అంగీకరిస్తున్నారు. మొదట కొద్దిమంది, ఒక్కొక్కరి వివరం విడివిడిగా. తర్వాత పద్ధతిని స్థిరపరచడం. ఆ తర్వాతే పోలిక. చివరిది దీర్ఘకాలపు నిఘా. బిడ్డను 28 రోజులకు, తల్లిని 90 రోజులకు చూస్తే కొంత తెలుస్తుంది. మలమూత్రాలు ఆపుకోలేకపోవడం లాంటి బాధలు తల్లి ఏళ్ల తర్వాత గానీ చెప్పుకోదు, ఎవరూ అడగకపోతే అసలే చెప్పదు.

ఆపే అధికారం

పరీక్షలంటే ఏమిటో రాకెట్ ప్రయోగ కేంద్రమున్న శ్రీహరికోటకు బాగా తెలుసు. ఇక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్టు 1971 అక్టోబరులో ఎగిరింది. ఎస్200 అనే భారీ ఘన ఇంధన మోటారును 2010 జనవరి 24న ఇక్కడే నేలకు బిగించి మండించి చూశారు. అది ఆకాశంలోకి వెళ్లింది దాదాపు 5 ఏళ్ల తర్వాత, 2014 డిసెంబరులో. నేలకు బిగించిన మోటారుకూ శిక్షణ బొమ్మలో లాగిన తొడుగుకూ పని ఒక్కటే. ప్రాణం పోని చోట ముందే తప్పు చేయించి చూడటం.

1979 ఆగస్టు 10న ఇక్కడి నుంచే ఎస్ఎల్‌వీ-3 రాకెట్టు తొలి ప్రయోగం. చివరి నిమిషాల్లో కంప్యూటరు లోపం చూపి కౌంట్‌డౌన్ ఆపేసింది. పక్కనున్న నిపుణులు ఫరవాలేదన్నారు. ప్రయోగానికి బాధ్యుడైన అబ్దుల్ కలాం కంప్యూటరు మాటను పక్కనబెట్టి రాకెట్టును వదిలారు. రెండో దశలో అదుపు తప్పి అది బంగాళాఖాతంలో పడింది. ఆ నిర్ణయం తనదేనని కలాం జీవితాంతం సభల్లో దాచకుండా చెప్పారు. 2023 అక్టోబరు 21 ఉదయం అదే దీవిలో మరో దృశ్యం. గగన్‌యాన్ వ్యోమగాములను ఆపదలో తప్పించే వ్యవస్థకు తొలి పరీక్షా ప్రయోగం. మరో 5 సెకన్లు ఉండగా కంప్యూటరు ఆపేసింది. ఈసారి ఎవరూ దాన్ని తోసిపుచ్చలేదు. లోపం ఎక్కడో చూసి, సరిచేసి, 10 గంటలకు వదిలారు. పారాచూట్ల మీద వ్యోమగాముల గది సముద్రంలోకి క్షేమంగా దిగింది.

కాన్పు గదిలో కౌంట్‌డౌన్ ఉండదు, కంప్యూటరు ఆపదు. అందుకే ఆపే నియమాలు కాగితం మీదే రాసుకోవాలి. సరిగ్గా అమర్చిన పరికరంతో మూడు నొప్పులకు మూడుసార్లు లాగాక కూడా తల ముందుకు రాకపోతే ఆపాలి. కప్పు రెండుసార్లు ఊడితే ఆపాలి. ఒక పరికరం తర్వాత మరో పరికరం పెట్టే ముందు అనుభవజ్ఞులను పిలవాలి. పరీక్షలో ఉన్న కొత్త పరికరానికి ఈ నియమాలు ఇంకా బిగుతుగా ఉంటాయి. అధ్యయనం మొత్తానికీ ఇలాంటిదే మరో నియమం ఉంటుంది. ఫలానా సంఖ్యలో కీడులు కనబడితే కొత్తవారిని చేర్చుకోవద్దని, ఆ నిర్ణయం పరికరం చేసినవారు కాక వేరే నిపుణుల బృందం తీసుకోవాలని ముందే రాస్తారు. రాకెట్టు పోతే సముద్రంలో పడుతుంది. ఇక్కడ పోయేది మరొకరి బిడ్డ.

దీవికీ వైద్య పరికరాలకూ ఇంకో చుట్టరికం ఉంది. శ్రీహరికోట ప్రయోగాల్లో ఆరితేరిన కలాం తర్వాత హైదరాబాదులో క్షిపణుల కోసం వాడిన తేలికపాటి పదార్థంతో పోలియో పిల్లలకు సుమారు 300 గ్రాముల కాలి ఊతం చేయించారు. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు అంతకు ముందు మోసినవి 3, 4 కిలోల లోహపు ఊతాలు. హృద్రోగ నిపుణుడు డాక్టర్ సోమరాజుతో కలిసి గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటు తయారీకి తోడ్పడ్డారు. రాకెట్టు పదార్థమైనా శరీరానికి వాడాలంటే మళ్లీ మొదటినుంచి పరీక్షించాల్సిందే.

మన చట్టం, మన సమ్మతి

భారతదేశంలో 2017 నాటి వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ముప్పును బట్టి పరికరాలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి. ముప్పు ఎక్కువైన సి, డి తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి. మన దేశంలో అంతకు ముందు లేని రకం పరికరాన్ని మనుషుల మీద పరీక్షించాలంటే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, ఆసుపత్రిలోని నైతిక సంఘం ఆమోదం కావాలి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. తొలి చిన్న అధ్యయనం, తర్వాతి పెద్ద అధ్యయనం విడివిడిగా జరగాలి. తయారీ దశలోని పరీక్షలకు విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో, పరికరం పదార్థం చర్మాన్నీ కణాలనూ బాధిస్తుందా అని చూసే ప్రయోగశాలల నుంచి గామా కిరణాలతో శుద్ధి చేసే ఏర్పాటు దాకా ఉన్నాయి. కాన్పు రంగంలో పెద్ద పోలిక పరీక్షలు భారతదేశంలో జరగగలవనడానికీ దాఖలా ఉంది. గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక చేసే సిజేరియన్‌లో కింద బిగిసిన తలను పైకి ఎత్తే గాలి దిండును 240 మంది తల్లులతో ఇక్కడే పరీక్షించారు.

చట్టం కన్నా కష్టమైనది సమ్మతి. నొప్పుల్లో ఉన్న తల్లి ముందు కాగితం పెట్టి సంతకం అడగడం సమ్మతి కాదు. ఆ సమయంలో ఆమె దేనికైనా సరేనంటుంది. బ్రిస్టల్‌లో గర్భిణిగా ఉండగానే చెప్పి, సమ్మతి తీసుకుని ఉంచారు. అలా ఒప్పుకున్నవారిలో పరికరం అవసరమైనవారు కొద్దిమందే. అంటే 40 మంది కోసం వందలమందితో మాట్లాడాలి. ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే, మరో దారి లేదు. మన దగ్గర ఏడో నెల పరీక్షకు వచ్చిన అమ్మాయి పక్కన తల్లో అత్తగారో ఉంటారు. ‘డాక్టరమ్మా, మీరెలా అంటే అలా’ అని వాళ్లే జవాబు చెప్పేస్తారు. ఆ మాటను సమ్మతిగా రాసుకోవడం తేలిక. అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి, ఇది కొత్త పరికరం, వద్దంటే పాత పద్ధతిలోనే చేస్తాం, వద్దన్నందుకు ఎవరూ కోప్పడరు అని ఆమె భాషలో చెప్పి, ఏం అర్థమైందో ఆమె నోటితో చెప్పించుకోవడం కష్టం. చదవలేనివారి విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర వేయించాలన్న నిబంధన ఉంది. ఆ సాక్షి అదే వార్డు ఆయా అయితే నిబంధన కాగితం మీదే మిగులుతుంది.

చేయి తిరిగినవారి సంఖ్య పెరగడమూ భద్రతలో భాగమే. తెలంగాణ 2017లో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌ల తోడ్పాటుతో 30 మంది నర్సులను మిడ్‌వైఫరీ శిక్షణకు ఎంపిక చేసింది. సహజ కాన్పుకు ఓపికగా తోడుండేవారు ఉంటే పరికరం అవసరమే తగ్గుతుంది, అవసరమైనప్పుడు సకాలంలో గుర్తించేవారూ ఉంటారు.

ఆ తర్వాతి 24 గంటలు

పరికరం బల్ల మీదికి చేరి, బిడ్డ ఏడ్చి, కుట్లు వేయడం పూర్తయ్యాక కూడా పరీక్ష నడుస్తూనే ఉంటుంది. నెత్తి చర్మం కింద రక్తం గూడుకట్టడం వెంటనే కనబడదు, గంటల తర్వాత పైకి తేలుతుంది. 3 కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం పావు లీటరుకు అటూ ఇటూ. నెత్తి కింది ఆ పొరలో దాదాపు అంత రక్తమూ పట్టేంత ఖాళీ ఉంది. అందుకని వాక్యూమ్‌తో పుట్టిన బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టాక నర్సు కొన్ని గంటలకొకసారి వచ్చి టోపీ తీసి తల తడుముతుంది. మామూలు వాపు ఎముకల అతుకు దగ్గర ఆగుతుంది, లేదా కప్పు పెట్టినచోటే గట్టిగా ఉండి మర్నాటికి తగ్గుతుంది. గూడుకట్టిన రక్తం మాత్రం అతుకులు దాటి మెడ దాకా, చెవుల వెనక్కి, వేలు పెడితే నీటి సంచిలా కదులుతూ పాకుతుంది. బిడ్డ పాలిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది. తల చుట్టుకొలత టేపుతో కొలిచి క్రితంసారి అంకె పక్కన రాస్తారు. ఒక సెంటీమీటరు పెరిగితే సుమారు 40 మిల్లీలీటర్ల రక్తం పోయినట్టు లెక్క.

వైద్య పరికరాల వల్ల కలిగిన కీడులను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015 జులై 6న మొదలైంది. ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. ఏ ఆసుపత్రి నుంచైనా, డాక్టరే కాదు నర్సు కూడా, అక్కడికి నివేదిక పంపవచ్చు. అందులో బ్యాచ్ నంబరు గడి ఒకటి ఉంటుంది. కప్పు ప్యాకెట్టు చించగానే చెత్తబుట్టలో వేస్తే ఆ గడి ఖాళీగా మిగిలిపోతుంది. కేసు షీటులో ఆ చిన్న స్టిక్కరు అంటించి, పక్కన ఎన్నిసార్లు లాగారో, కప్పు ఎన్నిసార్లు ఊడిందో, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి, తెల్లవారుజామున 4 గంటలకు మరోసారి తల కొలిచి అంకె వేసే ఆ నర్సే ఈ పరీక్షలో ఆఖరి పరిశోధకురాలు.